చిగుళ్ళ పాకెట్లలో కాంతి చికిత్స: డై గాఢత, జూల్స్ లెక్క, ఫలితం రాకపోతే ఎక్కడ చూడాలి

పీజీ_పీరియో (ప్రశ్న)

నమస్తే అందరికీ. డిపార్ట్‌మెంట్‌కి 660 నానోమీటర్ల డయోడ్ లేజర్ వచ్చింది. పవర్ 100 మిల్లీవాట్లు, ఫైబర్ 300 మైక్రాన్లు, డై మిథిలీన్ బ్లూ. స్కేలింగ్, రూట్ ప్లానింగ్ (గార గీకి వేరును నున్నగా చేయడం) అయ్యాక, 5 మి.మీ. దాటిన పాకెట్లలో (చిగురుకీ పంటికీ మధ్య పడే లోతు సందుల్లో) డై అంటే రంగు నింపి, లేజర్ వెలుగు పెట్టి బ్యాక్టీరియాను చంపాలని ప్లాన్. పేపర్లు తిరగేస్తే ఒక్కోదాంట్లో ఒక్కో లెక్క. ఒకరు సైట్‌కి 6 జూల్స్ అంటారు, ఇంకొకరు చదరపు సెంటీమీటరుకి వేల జూల్స్ అంటారు, చూస్తే మెషీన్ ఇంచుమించు ఒకటే. డై ఎంత గాఢత? ఎంతసేపు ఉంచాలి? వెలుగు ఎంతసేపు? చేసినా బ్యాక్టీరియా కౌంట్ తగ్గకపోతే మొదట దేన్ని అనుమానించాలి?

లేజర్_మేస్త్రి

ముందు జూల్స్ గొడవ తేల్చేద్దాం, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే.

100 మిల్లీవాట్లు × 60 సెకన్లు = 6 జూల్స్. ఇది ఎవరూ కాదనలేని లెక్క. దీన్ని ఏ వైశాల్యంతో భాగిస్తారన్న దగ్గరే తేడా వస్తుంది. 300 మైక్రాన్ల ఫైబర్ కొన వైశాల్యం సుమారు 0.0007 చ.సెం.మీ. 6ని దాంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకి 8,500 జూల్స్ దాకా వస్తుంది. అదే 6 జూల్స్ పాకెట్ లోపలి గోడలన్నీ కలిపి 1 చ.సెం.మీ. మీద పరుచుకుందనుకుంటే 6 జూల్స్ మాత్రమే. రెండూ ఒకే వెలుగు. బ్యాక్టీరియా ఫైబర్ కొన మీద లేదు కదా, గోడల మీద ఉంది. అందుకని రెండోదే పనికొచ్చే అంకె. పేపర్ చదివేటప్పుడు పవర్, సెకన్లు, కొన రకం ఈ మూడూ రాసుకోండి. చ.సెం.మీ. అంకెను ఏ వైశాల్యంతో తీశారో రాయకపోతే ఆ అంకెను పక్కన పెట్టేయండి.

రెండోది. స్క్రీన్ మీద 100 చూపిస్తే కొన దగ్గర 100 వస్తోందని కాదు. పవర్ మీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ఫైబర్ కొనమీద రక్తం ఎండిపోయినా, కోత వంకరగా ఉన్నా, కనెక్టర్‌లో దుమ్ము చేరినా మూడో వంతు పోవడం పెద్ద విషయం కాదు. మీటర్ లేని చోట కనీసం ఇంత చేయండి: తెల్ల కాగితానికి నిటారుగా రెండు సెంటీమీటర్ల దూరంలో పట్టి చూడండి. మచ్చ గుండ్రంగా, అంచు సమంగా ఉండాలి. తోకలాగా ఒక పక్కకి సాగితే కొనను మళ్ళీ కోయాలి. కళ్ళజోడు పెట్టుకునే చూడండి.

మూడోది. కొన కోసి వదిలేసిన మామూలు ఫైబర్ వెలుగును ముందుకే తోస్తుంది, పక్క గోడలకి పెద్దగా చేరదు. పక్కలకి వెలుగు చిమ్మే డిఫ్యూజర్ టిప్ దొరికితే అదే కొనండి. లేదంటే పాకెట్ అడుగు నుంచి పైకి, పంటి చుట్టూ, మెల్లగా కదుపుతూ రావాలి. ఒకచోట గుచ్చి 60 సెకన్లు నిలబడితే అడుగున ఒక చుక్క ప్రాంతానికే డోసు అందుతుంది.

సూక్ష్మజీవి_మేడం

మెకానిజం తెలిస్తే మిగతా ప్రశ్నలకి జవాబులు వాటంతటవే వస్తాయి కాబట్టి అది చెప్తాను.

ఎరుపు వెలుగుకి సొంతంగా బ్యాక్టీరియాను చంపే శక్తి లేదు. డై ఆ వెలుగును పీల్చుకుని ఉత్తేజితమవుతుంది, ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కి అందిస్తుంది. సింగ్లెట్ ఆక్సిజన్ పుడుతుంది, దాన్ని టైప్ 2 అంటాం. ఎలక్ట్రాన్ బదిలీ జరిగి సూపరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడితే టైప్ 1. మిథిలీన్ బ్లూలో రెండూ జరుగుతాయి. ఇవి పొర కొవ్వులు, ప్రోటీన్లు, డీఎన్‌ఏ అన్నిటినీ ఒకేసారి దెబ్బతీస్తాయి. యాంటీబయాటిక్‌లా ఒకే టార్గెట్ కాదు కనుకే బ్యాక్టీరియా దీనికి నిరోధకత తెచ్చుకోవడం కష్టం.

అసలు కీలకం దూరం. సింగ్లెట్ ఆక్సిజన్ నీళ్ళలో బతికేది మూడు నాలుగు మైక్రోసెకన్లు. కణం లోపల ఇంకా తక్కువ. అది వెళ్ళగలిగేది మైక్రాన్‌లో పదో వంతు కూడా కష్టం, బ్యాక్టీరియా సైజేమో అర మైక్రాన్ నుంచి ఒక మైక్రాన్ పైచిలుకు. అంటే డై బ్యాక్టీరియాకి అంటుకుని ఉండాలి. పక్కన ద్రవంలో తేలుతూ ఉంటే అక్కడ పుట్టింది అక్కడే చచ్చిపోతుంది.

అందుకే డై మీద ధన ఆవేశం ఉండాలంటారు. పాకెట్‌లో మనకి తలనొప్పి తెచ్చేవి పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ప్రెవోటెల్లా లాంటి గ్రామ్ నెగటివ్‌లు. వాటి బయటి పొర మీద లిపోపాలీశాకరైడ్ వల్ల రుణ ఆవేశం. మిథిలీన్ బ్లూ, టోల్యుడిన్ బ్లూ రెండూ ధన ఆవేశం ఉన్నవి కాబట్టి అతుక్కుంటాయి. ఎరిత్రోసిన్, రోజ్ బెంగాల్ రుణ ఆవేశం ఉన్నవి. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ మీద బాగానే పనిచేస్తాయి, గ్రామ్ నెగటివ్ మీద నీరసం. పుచ్చుపళ్ళ స్టడీలో చూసిన డైని పీరియోకి, అంటే చిగుళ్ళ చికిత్సకి ఎత్తుకొస్తే అందుకే తేలిపోతుంది.

కొత్త సంగతి కూడా కాదు ఇది. 1900లో మ్యూనిచ్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి అక్రిడిన్ డై కలిపిన పరమీసియంలు వెలుగు పడితేనే చస్తున్నాయని గమనించాడు. ఆయన ప్రొఫెసర్ ఫాన్ టాపైనర్ తరవాత దీనికి ఫోటోడైనమిక్ అని పేరు పెట్టాడు. యాంటీబయాటిక్స్ వచ్చి దీన్ని కొన్ని దశాబ్దాలు మూలన కూర్చోబెట్టాయి.

గుంటూరు_డెంటిస్ట్

గాఢత సంగతి నేను చెప్తా. పాకెట్‌కి 0.005 నుంచి 0.01 శాతం. 0.01 శాతం అంటే మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు. ఫార్మా గ్రేడ్ 1 శాతం ఇంజెక్షన్ తీసుకుంటే అందులో మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు. 1 మి.లీ. తీసుకుని 99 మి.లీ. స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే 0.01 శాతం. సెలైన్‌లో కలపకండి. ఉప్పు ఉంటే డై అణువులు జంటలు కడతాయి, జంటలు కట్టిన డై 610 దగ్గర పీల్చుకుంటుంది, మీ లేజర్ 660 దగ్గర ఉంది. వెలుగు ఉన్నా పట్టేవాడు తగ్గిపోతాడు.

ల్యాబ్‌లో స్లైడ్లకి రంగు వేసే మిథిలీన్ బ్లూ, అక్వేరియం షాపులో దొరికేది, రెండూ నోట్లోకి తేవద్దు. వాటిలో భారలోహాల మలినాలకి పరిమితి ఉండదు.

"కొంచెం ఎక్కువ వేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది కదా" అనేది చాలామంది చేసే తప్పు. మేస్త్రిగారూ, వెలుగు లోతు లెక్క మీరే చెప్పండి.

లేజర్_మేస్త్రి

చెప్తా డాక్టరుగారూ. 0.01 శాతం ద్రావణంలో 660 దగ్గర వెలుగు సుమారు అర మిల్లీమీటరు ప్రయాణించేసరికి తొంభై శాతం ఖర్చయిపోతుంది. పాకెట్ వెడల్పు కూడా ఆ లెక్కలోనే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. అదే 1 శాతం నేరుగా పోస్తే కొన్ని మైక్రాన్లలోనే ఆగిపోతుంది. ఫైబర్ కొన చుట్టూ ఉన్న డై అంతా వెలుగు తాగేస్తుంది, గోడ మీది బ్యాక్టీరియా చీకట్లో హాయిగా ఉంటుంది. ముదురు నీలం చూసి సంతోషపడకూడదు.

పీజీ_పీరియో

అర్థమైంది సార్. మరి డై పెట్టి ఎంతసేపు ఆగాలి? కొన్నిచోట్ల 1 నిమిషం, కొన్నిచోట్ల 5 నిమిషాలు అని ఉంది.

గుంటూరు_డెంటిస్ట్

5 నిమిషాలు ఎక్కువగా రూట్ కెనాల్ పేపర్లలో కనిపిస్తుంది. కెనాల్‌లో ప్రవాహం లేదు, పెట్టింది పెట్టినట్టు ఉంటుంది. పాకెట్ వేరు. 5 మి.మీ. పాకెట్‌లో చిగురు ద్రవం గంటకి సుమారు 40 సార్లు మారిపోతుంది. అంటే ఒకటిన్నర నిమిషానికోసారి పాకెట్ మొత్తం కొత్త ద్రవం. 5 నిమిషాలు ఆగితే మీరు పెట్టిన డై పెదవి మీదకి వచ్చేస్తుంది, పేషెంట్ నాలుక నీలం.

పాకెట్‌లో చేసే పద్ధతి ఇది. పక్కన రంధ్రం ఉన్న మొండి సూది పాకెట్ అడుగుదాకా దింపి, పైకి లాగుతూ, చిగురు అంచున నీలం కనబడేదాకా నింపండి. పై నుంచి పోస్తే అడుగున గాలి బుడగ ఉండిపోతుంది, అక్కడే అసలు దొంగలుంటారు. 1 నిమిషం, మహా అయితే 2 నిమిషాలు. మధ్యలో పలచబడితే మళ్ళీ కాస్త. తరవాత డిస్టిల్డ్ వాటర్‌తో ఒక్కసారి, గట్టిగా కొట్టకుండా కడగండి. తేలే డై పోయి అంటుకున్నది మిగలాలి. కొన్ని కిట్ల వాళ్ళు కడగకుండానే వెలుగు పెట్టమంటారు, వాళ్ళ గాఢత, పవర్ దానికి కుదిర్చినవి. కిట్ వాడితే కిట్ చెప్పినట్టే చేయండి, సగం అది సగం ఇది వద్దు.

వెలుగు సైట్‌కి 60 సెకన్లు. ఒక పంటికి ఆరు సైట్లు, అంటే ఆరు నిమిషాలు. అన్ని పళ్ళకీ చేద్దామనుకుంటే ఓపీ సాయంత్రం దాకా నడుస్తుంది, లోతున్న సైట్లనే ఎంచుకోండి.

సూక్ష్మజీవి_మేడం

కౌంట్ తగ్గకపోతే మొదట దేన్ని అనుమానించాలి అని అడిగారు. రక్తాన్ని.

స్కేలింగ్ అయిన వెంటనే పాకెట్ నిండా రక్తం ఉంటుంది. సీరంలోని ఆల్బుమిన్ డైని పట్టేసుకుంటుంది, పుట్టిన సింగ్లెట్ ఆక్సిజన్‌ని కూడా ప్రోటీన్లే మింగేస్తాయి. గాజు గొట్టంలో లక్షలో ఒక్కటి మిగిలిన ప్రయోగమే, కాస్త సీరం కలిపితే ఎందుకూ పనికిరాకుండా పోతుంది. గాజ్ గుడ్డతో నొక్కి రక్తం పూర్తిగా ఆగాక చేయాలి. ఆగకపోతే ఇంకో విజిట్‌కి వాయిదా వేయాలి.

రెండో అనుమానం పాచి మందం. బయోఫిల్మ్‌లో డై పైపొరలోనే ఆగుతుంది. గార గీకకుండా వెలుగు పెట్టడం వల్ల పైపొర మాత్రమే చస్తుంది, కింద ఉన్నది వారంలో మళ్ళీ పేరుకుంటుంది.

మూడోది ఆక్సిజన్. లోతు పాకెట్‌లో ఆక్సిజన్ ఎలాగూ తక్కువ, వెలుగు ఎక్కువ పవర్‌తో కొడితే ఉన్న కాస్తా సెకన్లలో ఖర్చవుతుంది. తక్కువ పవర్, ఎక్కువ సమయం. లేదా 20 సెకన్లు వెలుగు, కొంచెం ఆగి మళ్ళీ 20. అదే 6 జూల్స్‌కి కొంచెం మెరుగైన పని చేయించుకోవచ్చు.

స్కేలర్‌_ముందు

అందరూ ఎలా చేయాలో చెప్తున్నారు. చేయాలా అన్నది కూడా ఎవరైనా మాట్లాడాలి కదా.

2020లో యూరోపియన్ ఫెడరేషన్ ఆఫ్ పీరియోడాంటాలజీ గైడ్‌లైన్ వచ్చింది. 660–670, 800–900 నానోమీటర్ల కాంతి చికిత్సను స్కేలింగ్‌కి తోడుగా వాడొద్దనే సూచించింది. కారణం బ్యాక్టీరియా చావడం లేదని కాదు. చచ్చినా, ఆరునెలల తరవాత ప్రోబ్ పెట్టి చూస్తే ఒంటి స్కేలింగ్‌తో పోలిస్తే తేడా నిలకడగా కనబడటం లేదని. స్టడీల్లో ఒక్కొక్కరి డై, పవర్, సెషన్ల సంఖ్య వేరు వేరు కావడం కూడా ఒక కారణం, మేస్త్రి చెప్పిన వైశాల్యం గొడవతో సహా.

పాకెట్ బయట ఉన్న నోరంతా బ్యాక్టీరియానే. నాలుక, టాన్సిల్స్, పక్క పన్ను. మీరు ఒక పాకెట్‌ను ఖాళీ చేస్తే కొద్ది వారాల్లో పక్కింటివాళ్ళు దిగిపోతారు. అందుకని పేషెంట్ బ్రషింగ్ కుదరకుండా ఒక్కసారి వెలుగు పెట్టి బిల్లు వేయడం నాకు సమ్మతం కాదు. మెయింటెనెన్స్‌లో మొండికేసిన ఒకటి రెండు పాకెట్లకి, యాంటీబయాటిక్ ఇవ్వకూడని వాళ్ళకి అంటే సరే.

సూక్ష్మజీవి_మేడం

ఒప్పుకుంటాను. నన్నడిగితే ఈ పద్ధతికి నోట్లో సరైన చోటు పాకెట్ కాదు, కట్టుడు పళ్ళ కింద అంగిలి మీద వచ్చే క్యాండిడా అనే ఫంగస్. అక్కడ చోటు తెరిచి ఉంటుంది, ఆక్సిజన్‌కి కొదవ లేదు, వెలుగు నేరుగా పడుతుంది, కట్టుడు పన్నును బయటికి తీసి దానికి విడిగా వెలుగు పెట్టొచ్చు. బ్రెజిల్‌లోని అరరక్వారా వాళ్ళు 2012లో నిస్టాటిన్ అనే ఫంగస్ మందుతో పోల్చి చేసిన ట్రయల్‌లో ఫలితం దానికి దీటుగానే వచ్చింది. తిరగబెట్టడం మాత్రం రెండు గుంపుల్లోనూ ఉంది, రాత్రిపూట కట్టుడు పళ్ళు తీయకపోతే ఏ చికిత్సైనా అంతే.

కృష్ణవేణి_హోమ్

నేను డాక్టర్‌ని కాదండీ, చదువుతూ వచ్చాను. నీలం రంగు ఎల్ఈడీ మౌత్‌పీస్‌లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, బ్యాక్టీరియా చంపుతుంది అని రాస్తున్నారు. అలాగే పసుపు నీళ్ళు పుక్కిలించి ఫోన్ టార్చి వేసుకుంటే చాలని ఒక వీడియో తిరుగుతోంది. ఇందులో నిజమెంత?

సూక్ష్మజీవి_మేడం

మంచి ప్రశ్న అమ్మా. రెండిట్లోనూ ఒక చిన్న నిజం ఉంది, దాని మీద పెద్ద మేడ కట్టారు.

నీలం వెలుగు నిజం: పోర్ఫిరోమోనాస్, ప్రెవోటెల్లా లాంటి నల్ల రంగు కాలనీలు కట్టే బ్యాక్టీరియా తమలోనే పోర్ఫిరిన్‌లు అనే, వెలుగు పీల్చే పదార్థాలు పోగేసుకుంటాయి. అవి 405 నానోమీటర్ల దగ్గర వెలుగును గట్టిగా పీలుస్తాయి. అంటే డై బయటి నుంచి పోయనక్కర్లేదు, వాటి సరుకే వాటిని చంపుతుంది. 2005లో వచ్చిన ప్రయోగంలో 380 నుంచి 520 నానోమీటర్ల వెలుగు వాడారు. ప్రెవోటెల్లా ఇంటర్మీడియా, నైగ్రెసెన్స్ 4.2 జూల్స్‌కి పూర్తిగా పోయాయి. మెలానినోజెనికాకి 21 కావాల్సివచ్చింది. జింజివాలిస్ 42 జూల్స్ ఇచ్చినా పూర్తిగా పోలేదు, సుమారు నూటికి 99 పాళ్ళు తగ్గింది. ఇవన్నీ చదరపు సెంటీమీటరుకి, పైగా విడిగా పెంచిన కల్చర్లలో. పుచ్చు తెచ్చే మ్యూటాన్స్‌కి ఇలాంటి పోర్ఫిరిన్ నిల్వ ఉండదు, దానికి ఉత్త నీలం వెలుగు పెద్దగా పట్టదు.

లేజర్_మేస్త్రి

ఇప్పుడు ఆ మౌత్‌పీస్ లెక్క. చిన్న బ్యాటరీతో నడిచే ట్రే చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు ఇస్తుందనుకుందాం. 42 జూల్స్ చేరాలంటే 8,400 సెకన్లు, అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. అది కూడా పంటి ముందు వైపుకే. నీలం వెలుగు చిగురులోకి మిల్లీమీటరు కూడా సరిగ్గా దిగదు, పాకెట్ అడుగుకి చేరే ప్రశ్నే లేదు. తెల్లబరిచే కిట్లలో ఎల్ఈడీలు చాలావరకు 460 అటూ ఇటూ ఉంటాయి, 405 కాదు. పెట్టె మీద నానోమీటర్లు, మిల్లీవాట్లు రెండూ రాయని వస్తువును ఈ పనికి కొనకండి.

డెంటిస్టులు కూడా వినాలి: కంపోజిట్ గట్టిపరిచే క్యూరింగ్ లైట్ చదరపు సెంటీమీటరుకి 1,000 మిల్లీవాట్లు ఇస్తుంది కదా, 42 సెకన్లలో పనయిపోతుంది అనుకోవద్దు. దాని శిఖరం 450–470 దగ్గర, పోర్ఫిరిన్ శిఖరం 405 దగ్గర. అంతసేపు ఒకేచోట పెడితే పంటి లోపల వేడి పెరుగుతుంది. 5.5 డిగ్రీలు పెరిగితే పల్ప్ దెబ్బతినొచ్చని 1965 నుంచి చెప్పుకుంటున్న హద్దు.

గుంటూరు_డెంటిస్ట్

పసుపు సంగతి. కర్కుమిన్ నిజంగానే ఫోటోసెన్సిటైజర్, 420–430 దగ్గర పీలుస్తుంది, పరిశోధనల్లో నీలం ఎల్ఈడీతో వాడతారు. కానీ పసుపులో కర్కుమిన్ నూటికి రెండు నుంచి అయిదు పాళ్ళు, అది నీళ్ళలో దాదాపు కరగదు. ల్యాబ్‌లో ఆల్కహాల్‌లోనో డీఎంఎస్‌ఓలోనో కరిగిస్తారు. గ్లాసు అడుగున పేరుకునేది కరగని పొడే. ఫోన్ టార్చి తెల్ల వెలుగులో నీలం భాగం కొంతే, అది నోట్లో చెల్లాచెదురైపోతుంది. మిగిలేది పళ్ళ మీద, కాంపోజిట్ ఫిల్లింగుల అంచుల్లో పసుపు మరక. విడి పసుపులో లెడ్ క్రోమేట్ కల్తీ సంగతి తెలిసిందే, రోజూ పుక్కిలించే ముందు అదొకటి ఆలోచించుకోండి.

ఇంట్లో వాడేలా నిజంగా డిజైన్ చేసినది ఒకటుంది, ఫిన్లాండ్ కంపెనీది, లూమోరల్. ఇండోసయనిన్ గ్రీన్ కలిసిన ద్రవం పుక్కిలించి, 810, 405 రెండు వెలుగులూ ఇచ్చే మౌత్‌పీస్ 10 నిమిషాలు పెట్టుకోవాలి. ఇండోసయనిన్ గ్రీన్‌లో అయోడైడ్ ఉంటుంది, అయోడిన్ అలర్జీ ఉన్నవాళ్ళు జాగ్రత్త. ఇదీ బ్రషింగ్‌కి తోడే.

పీజీ_పీరియో

ఎండో వాళ్ళు కూడా మా మెషీన్ అడుగుతున్నారు. రూట్ కెనాల్‌కి వరుస ఏమిటి?

గుంటూరు_డెంటిస్ట్

ఇన్‌స్ట్రుమెంటేషన్ మామూలుగా. సోడియం హైపోక్లోరైట్, ఈడీటీఏ, ఆ తరవాత సెలైన్‌తో బాగా కడిగి పేపర్ పాయింట్‌తో తడి తీయండి. ఈ కడగడం ఎందుకంటే హైపోక్లోరైట్ మిథిలీన్ బ్లూని తెల్లబరిచేస్తుంది. డై దించగానే పేపర్ పాయింట్ కొన ముదురు నీలంగా రావాలి. లేతగానో, రంగు లేకుండానో వచ్చిందంటే లోపల హైపోక్లోరైట్ మిగిలిందని అర్థం, మళ్ళీ కడగాలి. డై 2 నుంచి 5 నిమిషాలు, ఫైబర్‌ని వర్కింగ్ లెంగ్త్‌కి (కెనాల్‌లో పరికరం దిగాల్సిన కొలతకి) 2 మి.మీ. ముందు ఆపి, మెలికలు తిప్పుతూ పైకి. అయిపోయాక ఇప్పుడు అదే హైపోక్లోరైట్‌తో డైని తీసేయాలి. ముందు పళ్ళలో వదిలేస్తే క్రౌన్ నీలి బూడిద రంగుకి తిరుగుతుంది, పేషెంట్ అద్దంలో చూసుకుని తిరిగొస్తాడు.

వంకర కెనాల్స్‌లో బలవంతంగా ఫైబర్ దింపకండి, విరిగితే అదో కథ.

స్కేలర్‌_ముందు

కేస్ షీట్‌లో రాయాల్సినవి: జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం, పోర్ఫిరియా (ఒంట్లో పోర్ఫిరిన్‌లు పేరుకునే జబ్బు), డిప్రెషన్‌కి ఎస్ఎస్ఆర్ఐ మాత్రలు, గర్భం. మిథిలీన్ బ్లూని రక్తనాళంలోకి ఇస్తే జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళలో రక్తకణాలు చితికిపోతాయి, ఎస్ఎస్ఆర్ఐతో సెరటోనిన్ సిండ్రోమ్ ప్రమాదం. మనం వాడే 0.01 శాతం అర మిల్లీలీటరులో ఉండేది 0.05 మిల్లీగ్రాములే, నరానికి ఇచ్చే డోసు కిలోకి 1–2 మిల్లీగ్రాములు. తేడా వెయ్యి రెట్ల పైనే. అయినా అడగడం మానొద్దు. జీ6పీడీ లోపం మలేరియా ఎక్కువుండే ప్రాంతాల జనంలో ఎక్కువ, మన మన్యం ప్రాంతాల పేషెంట్లు వచ్చే కాలేజీల్లో ఇది గుర్తుండాలి. ఉందని తెలిస్తే వేరే దారి చూసుకోండి, ఈ చికిత్స లేకపోతే ఆగిపోయేదేం లేదు.

పీజీ_పీరియో

థాంక్యూ అందరికీ. చివరిగా రెండు: కలిపిన డై ఎన్నాళ్ళు నిల్వ ఉంచొచ్చు? కళ్ళకి క్యూరింగ్ లైట్ నారింజ కళ్ళజోళ్ళు సరిపోతాయా?

లేజర్_మేస్త్రి

నారింజ కళ్ళజోడు నీలాన్ని ఆపుతుంది, ఎరుపును హాయిగా వదిలేస్తుంది. 660కి అది ఉన్నా లేనట్టే. ఫ్రేము మీద 660 కలిసే రేంజి, పక్కన ఓడీ (వెలుగును ఎంత ఆపుతుందో చెప్పే అంకె) విలువ అచ్చు వేసి ఉన్న జోళ్ళే కొనండి. మూడు జతలు: మీకు, అసిస్టెంట్‌కి, పేషెంట్‌కి. పేషెంట్‌ది ముందు పెట్టి, ఫైబర్ పాకెట్‌లోకి దిగాకే పెడల్ నొక్కండి.

గుంటూరు_డెంటిస్ట్

డై ఏ రోజుది ఆ రోజే. గోధుమ రంగు సీసా, మీద గాఢత, తేదీ, కలిపినవాళ్ళ పేరు. 100 మి.లీ. అవసరం లేకపోతే 0.1 మి.లీ.ని ఇన్సులిన్ సిరంజితో తీసి 9.9 మి.లీ.లో కలపండి, పది మి.లీ. ఒక ఓపీకి ఎక్కువే. మిగిలింది సాయంత్రం పారబోయండి. చేతికి గ్లవ్స్ లేకుండా కలిపితే రెండ్రోజులు వేళ్ళు నీలంగానే ఉంటాయి, చెప్పలేదనొద్దు.